పాట విని వెళ్తే జిరాఫీ లేదు

అమెరికన్ గాయకుల జంట సైమన్ అండ్ గార్‌ఫంకెల్ 'ఎట్ ద జూ' 1967 నాటి పాట, రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. న్యూయార్క్‌లో ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట సెంట్రల్ పార్క్ జూకి పెట్టుకున్నామంటే ఆ పాట వల్లే. మా అక్క కొడుక్కి ఆరేళ్లు, వాడికి దారి పొడుగునా అదే వినిపించాను, అందులో ఏనుగులూ జిరాఫీలూ కూడా ఉంటాయి, అక్కడే తప్పు చేశాను.

వాన పడితే పార్కుకి అడ్డంగా వెళ్లే బస్సెక్కమని పాటలో ఉంటుంది. ఆ రోజు నిజంగానే వాన. పొద్దున వెస్ట్ సైడ్‌లో ఉన్నాం కాబట్టి ఎం66 ఎక్కాం, కార్డు ట్యాప్ చేస్తే చాలు, పార్కు దాటించి ఫిఫ్త్ అవెన్యూ దగ్గర దింపింది, అక్కడి నుంచి 64వ వీధి గేటు దాకా కాస్త నడక.

లోపలికి వెళ్లిన పది నిమిషాలకే మొదలుపెట్టాడు, "మామయ్యా, ఏనుగేది? జిరాఫీ ఏది?" అని. లేవురా. పాట వచ్చినప్పుడు ఉన్న పాత జూని 1983లో మూసేసి, మొత్తం మార్చి 1988లో మళ్లీ తెరిచారు, ఆరున్నర ఎకరాల్లో అంత పెద్ద జంతువుల్ని పెట్టకూడదనే. నాకైతే అదే నచ్చింది. మధ్యలో సీ లయన్ల కొలను, వాటికి చేపలు వేసే టైముకి వెళ్తే వాన కూడా గుర్తురాదు. పెంగ్విన్లూ, ఉష్ణమండల పక్షులూ ఉండేది లోపల కాబట్టి తడిసిన వాళ్లకి అవే దిక్కు, కాకపోతే పక్షుల గదిలో కళ్లజోడు మీద ఆవిరి పట్టేసి ఐదు నిమిషాలు నాకేమీ కనిపించలేదు. మంచు చిరుత తోక మాత్రం దర్శనమిచ్చింది. 2023లో ఫ్లాకో అనే గుడ్లగూబ తప్పించుకుని ఏడాది పాటు ఊరంతా తిరిగింది ఇక్కడి నుంచే.

రెండు మూడు గంటలు చాలు. బయట డెలకోర్ట్ గడియారం అరగంటకోసారి మోగుతుంది, కంచు జంతువులు వాయిద్యాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి, దానికి టికెట్ అక్కర్లేదు. జిరాఫీ కావాల్సిందే అంటే ఊళ్లోనే ఉన్న ఇంకో జూ, బ్రాంక్స్ జూకి వెళ్లాలి, 265 ఎకరాలు, రోజంతా పోతుంది, చిన్నపిల్లలుంటే తోసుకెళ్లే బండి (స్ట్రోలర్) తప్పనిసరి.

బస న్యూయార్క్‌లోనే నది అవతలి భాగమైన క్వీన్స్‌లో, క్వీన్స్‌బొరో ప్లాజా స్టేషన్ పక్కన. అక్కడ ఎన్ అనే మెట్రో రైలెక్కితే ఫిఫ్త్ అవెన్యూ రెండో స్టేషనే, మన్‌హాటన్ హోటళ్ల రేట్లు చూశాక ఇదే నయమనిపించింది. కానీ రైలు వెళ్లేది వంతెన మీద, సరిగ్గా మా కిటికీ ఎత్తులో, రాత్రంతా అదే చప్పుడు. రెండు సూట్‌కేసులు తెరిస్తే మంచం మీద నుంచి దూకి బాత్రూమ్‌కి వెళ్లాలి. వెనక వైపు గది అడిగి తీసుకోండి.

పాటలో ఉన్నవాటిలో వాడికి దొరికినవి రెండే: మంచు కోతులు, గేటు బయట పావురాలు. ఆ పావురాలు కుట్ర పన్నుతాయని పాటలో ఉంది కదా, వాడి ప్రెట్జెల్ సగం వాటికే పోయింది.