కడప, కర్నూలు, అనంతపురం: మా పికప్ తాగిన డీజిల్ లెక్క

దసరాకు వారం ముందు కడప నుంచి కర్నూలు, అక్కడి నుంచి అనంతపురం, మళ్లీ కడప తిరిగొచ్చాం. మూడు రోజులు, 510 కిలోమీటర్లు. నేనూ, మా చిన్నాన్న కొడుకూ, మా బొలేరో పికప్పూ. గుడికో గోపురానికో కాదు. నాకు డ్రిప్ పైపుల షాపుంది. కర్నూల్లో ఒక డీలరు మా దగ్గర మిగిలిన స్టాకు తీసుకుంటానన్నాడు. కిరాయి బండి మాట్లాడితే వచ్చే నాలుగు రూపాయలూ దానికే పోతాయని సొంత బండే తీశాం. పన్లో పనిగా ఆర్నెల్ల నుంచి మా ఇద్దరి మధ్య తెగని గొడవ కూడా తేల్చుకుందామనుకున్నాం. ఈ బండి హైవే మీద లీటరుకు ఎంతిస్తుంది? తమ్ముడు పదిహేను అంటాడు. డీజిల్ బిల్లులు కట్టేది నేను కాబట్టి నాకు నమ్మకం లేదు.

కడపలో నాజిల్ దానంతటదే కట్టయ్యేదాకా పట్టించి అక్కడితో ఆపించాను. "రౌండ్ ఫిగర్ చేస్తా సార్" అన్న కుర్రాణ్ణి వద్దన్నాను. ఊరు మారినప్పుడల్లా ఇదే పద్ధతి. పంపు పంపుకీ కట్టయ్యే తీరు మారుతుంది కాబట్టి నా లెక్కలో అర లీటరు అటూ ఇటూ ఉండొచ్చు.

పైపుల బరువు ఆరొందల కిలోలు కూడా లేదు. "ఇది ఖాళీ బండి కిందే లెక్కన్నా" అన్నాడు తమ్ముడు. కానీ చుట్టలు క్యాబిన్ కంటే రెండడుగులు పైకి లేచాయి. వాటి మీద పట్ట కప్పి తాడు బిగించాం. బిగించాం అనుకున్నాం. మైదుకూరు దాటాక రోడ్డు బాగుంది. కుడివైపు నల్లమల కొండలు, కేసీ కాలవ కింద పచ్చగా వరి. తమ్ముడు కాలు తీయలేదు. మా బండికి 80 దగ్గర స్పీడ్ గవర్నర్ ఉంది. ముల్లు అక్కడే అతుక్కుపోయింది. వెనక పట్ట పటపటా కొట్టుకుంటూనే ఉంది.

చాగలమర్రి టోల్ దాటి, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర టీకి ఆగాం. పక్కన లారీ ఆపుకున్న ఒక పెద్దాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పట్ట అట్ల కొట్టుకుంటాంటే డీజిలు యాడ నిలుస్తాది నాయనా" అన్నాడు. ఆయనే తాడు విప్పించి, ముందు అంచును లోపలికి మడిపించి, అడ్డంగా రెండు కట్లు అదనంగా వేయించాడు. టీ డబ్బులు కూడా ఇవ్వనీయలేదు. ఈ మొత్తం ప్రయాణంలో మాకు దొరికిన మంచి సర్వీసు అదే, అదీ ఉచితంగా.

నన్నూరు టోల్ దాటి కర్నూల్లో పట్టిస్తే 204 కిలోమీటర్లకు 18.2 లీటర్లు పట్టింది. లీటరుకు 11.2. తమ్ముడు బిల్లు రెండుసార్లు చూసి, "మిషన్‌లో మోసముందేమోన్నా" అన్నాడు. అనుమానముంటే ఐదు లీటర్ల కొలత క్యాను తెప్పించి మన ముందే పోయించుకోవచ్చు, బంకు వాళ్లు కాదనకూడదు. అడిగాను. విసుక్కోకుండా తెచ్చి పోసి చూపించారు. కొలత సరిగానే ఉంది. మోసం మిషన్‌లో లేదు, మా లోడు ఎత్తులో ఉంది.

బరువు బండిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కదిలేటప్పుడు, ఎక్కేటప్పుడు. గాలి అలా కాదు, వేగంగా పోయినంతసేపూ ఎదురు నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడు వేగం వర్గంతో పెరుగుతుంది. అరవై నుంచి ఎనభైకి పోతే వేగం పెరిగేది మూడో వంతే, గాలి అడ్డు మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. దానికి తోడు క్యాబిన్ మీద రెండడుగుల గోడ.

ఆ రాత్రి కర్నూలు బస గురించి. బస్టాండు దగ్గర మొదట చూసిన లాడ్జి గది శుభ్రంగానే ఉంది, కానీ పార్కింగ్ అంటే బైకులు పెట్టుకునే సందు. లోడు రోడ్డు మీద వదిలి నిద్ర ఎలా పడుతుంది? బైపాస్ వైపు ఇంకోటి దొరికింది. గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు, బండికి విడిగా యాభై రూపాయలు. గదిలో ఫ్యాను గిరగిరా తిరిగేది శబ్దానికే, గాలికి కాదు. వేడినీళ్లు పొద్దున ఏడున్నర దాకానే. అయినా లోడుతో పోయేవాళ్లకు అలాంటిదే మేలు. గది సుఖం కంటే గేటు ముఖ్యం.

పొద్దున స్టాకు దించేసి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బండిలో కూర్చోబోయే ముందు టైర్లలో గాలి చూపిద్దామని బంకుకు పోతే "మిషన్ రిపేరు" అన్నారు. గాలి ఉచితంగా పట్టాల్సిన బాధ్యత బంకుదే. అడిగితే "మెకానిక్ వస్తాడు సార్" అంటారు, ఆయన ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పరు. ఎదురుగా పంక్చర్ షాపులో నలభై రూపాయలిచ్చి చూపిస్తే వెనక టైర్లలో ఉండాల్సిన దానికంటే 12 పాయింట్లు తక్కువ ఉంది. అంటే నిన్నటి 11.2లో టైర్ల పాపం కూడా ఉంది. గాలి అడ్డు వాటా ఎంత, టైర్ల వాటా ఎంత అని విడదీసి చెప్పలేను.

తిరుగు లోడు ఎర్రగడ్డలు. మా కడపలో ఉల్లిని అలాగే అంటాం. అనంతపురంలో ఒక వ్యాపారి తెమ్మన్నాడు. యాభై కిలోల బస్తాలు ఇరవై రెండు, అంటే పదకొండొందల కిలోలు. పైపులకు దాదాపు రెట్టింపు బరువు, కానీ క్యాబిన్ ఎత్తుకు లోపలే సర్దుకుంది. ఈసారి స్టీరింగు నేను తీసుకున్నాను. డోన్, గుత్తి మీదుగా 44వ నంబరు హైవే, అరవై ఐదు దాటలేదు. లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోతుంటే తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. గుత్తి కోట కనబడే దాకా మాట్లాడలేదు.

దిగుడు వచ్చిన చోటల్లా న్యూట్రల్ వేయమనేవాడు. మా మామ గువ్వలచెరువు ఘాట్‌లో పాత జీపును అలాగే దింపేవాడు, ఇంట్లో అందరూ దాన్నొక విద్యలా చెప్పుకునేవాళ్లు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీస్తే కంప్యూటరే డీజిల్ ఆపేస్తుంది, బండి దొర్లుడే ఇంజన్ను తిప్పుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా బరువంతా బ్రేకుల మీదే.

అనంతపురంలో లెక్క: 148 కిలోమీటర్లు, 10.9 లీటర్లు. 13.6! రాత్రి బస కూడా కర్నూలు కంటే నయం. గది చిన్నదే కానీ లాడ్జి వెనక బండి తిరిగేంత జాగా ఉంది, బక్కెట్ వేడినీళ్లు అడిగిన పది నిమిషాల్లో వచ్చాయి. ఓళిగలు కట్టించుకున్నాం. ఎర్రగడ్డల వ్యాపారి మా డీజిల్ గోల విని, "కర్ణాటకలో చౌక కదప్పా, బార్డరు దాటి కొట్టించుకోండి" అని సలహా ఇచ్చాడు. బళ్లారి ఇక్కడి నుంచి వందకు దగ్గర. పోయి రావడానికే పద్నాలుగు, పదిహేను లీటర్లు తగలెయ్యాలి. కిరాయి అటువైపే ఉన్నవాళ్లకు లాభం, మాలాంటి వాళ్లకు కాదు.

మూడోరోజు ఖాళీ బండి. వెనక డోరు తెరిచి పెడితే గాలి సాఫీగా పోతుందని తమ్ముడి కొత్త సిద్ధాంతం. చాలామంది అలాగే అనుకుంటారు. డోరు మూసి ఉంటే బాడీలో గాలి సుడి తిరుగుతూ అక్కడే నిలుస్తుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. తెరిస్తే ఆ సుడి చెదిరి అడ్డు పెరుగుతుంది. డోరు మూసే బయల్దేరాం.

ఖాళీగా పోతున్నాం కదా, తమ్ముడి పదిహేను ఇవాళ వస్తుందేమోనని నాకూ ఆశ పుట్టింది. కానీ తాడిపత్రి దారి మా ఆశ తీర్చలేదు. నాప బండల లారీలు, ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు. ఒక్కోదాని వెనక నలభైలో నక్కి, సందు దొరికితే గేరు దించి దూకడం, మళ్లీ బ్రేకు. బ్రేకు నొక్కినప్పుడల్లా అంతకుముందు కాల్చిన డీజిలే వేడిగా మారి పోతుంది. కడపలో చూస్తే 158 కిలోమీటర్లకు 11.6 లీటర్లు. అదే 13.6! టన్ను పైచిలుకు ఎర్రగడ్డలతో వచ్చిన మైలేజీయే ఖాళీ బండితోనూ వచ్చింది.

మొత్తం 510కి 40.7 లీటర్లు, సగటున పన్నెండున్నర. పదిహేను సంగతి తమ్ముడు మళ్లీ ఎత్తలేదు. "పైపులు సగం సగం చేసి రెండు ట్రిప్పులేద్దామన్నా, ఎత్తు తగ్గుతాది" అన్నాడు. రెండు ట్రిప్పులకు రెండు ట్యాంకులవుతాయి కదరా అన్నాను. ఈ వారం రాయచోటికి లోడుంది. చుట్టలు క్యాబిన్ ఎత్తుకు మించకుండా సర్దితే ఎనిమిది మిగిలాయి. వాటిని ఆర్టీసీ కార్గోలో వేస్తే ఎంతవుతుందో కనుక్కుని రమ్మని వాణ్ణే పంపాను.