హనుమకొండలో మూడు రోజులు, చక్రాల కుర్చీతో

అమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. కుడికాలు ఈడుస్తుంది, కుడిచేతి పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. ఇంటి వెనక పుంటికూర, చిక్కుడు పండించిన మనిషి ఇప్పుడు కుర్చీలోంచి వాటిని చూస్తూ కూర్చుంటుంది. సింగపూర్‌లో ఉన్న తమ్ముడు ఒకరోజు వీడియో కాల్‌లో అక్కడి హార్ట్‌పార్క్ (HortPark) అనే పార్కు చూపించాడు. అక్కడి పార్కుల శాఖ వరుసగా పెడుతున్న థెరప్యూటిక్ గార్డెన్లలో, అంటే ఒంటికీ మనసుకూ ఊరటనిచ్చే తోటల్లో, మొదటిది 2016లో అక్కడే తెరిచారట. మడులు నేలమీద కాదు, నడుమెత్తు దిమ్మెల మీద. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు దగ్గరికి జరిగి మట్టిలో చేయి పెట్టొచ్చు. వాసన మొక్కలు ఒక దిక్కు, వంటకు వాడేవి ఒక దిక్కు. అమ్మ చాలాసేపు చూసి, "గిసొంటిది మనకాడ లేదా బిడ్డా?" అంది.

లేదనడానికి నోరు రాలేదు. ఎట్లాగూ హనుమకొండలో డాక్టరుకు చూపించాలి, మూడు రోజులుండి అక్కడి పార్కులు తిరుగుదామన్నాను. ఎనిమిదేళ్ల కొడుకుతో అక్క కూడా బయల్దేరింది. వాడికి ఆటిజం. కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా 70 కిలోమీటర్లు, కుర్చీ మడిచి డిక్కీలో పెట్టుకున్నాం.

ముందు బస సంగతి. ఫోన్లో "లిఫ్టు ఉంది సార్" అన్న లాడ్జిలో నిజంగానే లిఫ్టు ఉంది, దాని దాకా పోవాలంటే నాలుగు మెట్లు ఎక్కాలి. బాత్రూం తలుపులో కుర్చీ పట్టలేదు. రాత్రి అమ్మను ఎత్తుకుని తీసుకుపోయాక నా నడుము పట్టేసింది. రూముకు 1,500. పొద్దున్నే ఖాళీ చేసి, ఆటో అతను చెప్పిన ఒక ఇంటికి మారాం. ఒక పెద్దమనిషి, ఆయన భార్య కింది గదులు అద్దెకిస్తారు. టీవీ లేదు, వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు. గడప మాత్రం లేదు, కుర్చీ నేరుగా లోపలికి పోయింది. నాకు అదే ఫైవ్ స్టార్. ఆటో అతను కుర్చీకి వేరే పైసలు అడగలేదు. "పెద్దమ్మా, నా భుజం పట్టుకో" అని తనే ఎక్కించాడు.

పబ్లిక్ గార్డెన్‌కు పొద్దున పోయాం. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పేరిట కళాప్రాంగణం ఇందులోనే ఉంది. బోర్డు చదివి వినిపించానో లేదో, పెళ్లికాక ముందు ఆయన ప్రోగ్రాం చూసిన సంగతి అమ్మ అరగంట చెప్పింది. ఎవరి గొంతు ఎట్లా చేసిండో చూపించబోయి, తన మాట ముద్దగా వస్తుంటే తనే నవ్వింది. మతిమరుపు వచ్చిన పెద్దల కోసం చేసే తోటల్లో పాతకాలపు వస్తువులు పెడతారని చదివాను. ఇక్కడ ఒక్క పేరు సరిపోయింది.

భద్రకాళి చెరువు కట్టకు మాత్రం అయిదు దాటాకే పోవాలి, ఎండలో నీడ తక్కువ. వారసత్వ నగరాలను బాగుచేసే హృదయ్ పథకానికి 2015లో కేంద్రం ఎంచుకున్న 12 ఊళ్లలో వరంగల్ ఒకటి, ఈ కట్టను ఆ పథకం కిందే బాగుచేశారు. కుర్చీ ఒక చేత్తో తోసినా పోయింది. మేనల్లుడు దీపస్తంభాలు లెక్కపెట్టుకుంటూ ఒక్క పేచీ లేకుండా నడిచాడు. చెరువు గాలికి అమ్మ కళ్లు మూసుకుంది, నేనూ మాట్లాడలేదు.

ఇంకో పార్కు పేరు చెప్పను. గేటు దగ్గర బండ్లు, బర్రెలు రాకుండా ఇనుప పైపులు వంకరటింకరగా పాతారు. బర్రెతోపాటు చక్రాల కుర్చీ కూడా రాదు. వాచ్‌మన్ పక్క గేటు తాళం కోసం పోయి ఇరవై నిమిషాలకు వచ్చాడు. లోపల ర్యాంపు చూస్తే పిల్లల జారుడుబండ. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది లెక్క, ఇక్కడ మూడడుగుల్లో ముగించేశారు. చెట్టుకో మైకు కట్టి పాటలు పెట్టారు. రెండు నిమిషాల్లో మేనల్లుడు చెవులు మూసుకుని కింద కూర్చున్నాడు. అక్క వాణ్ని ఎత్తుకుని బయటికి పరుగు. సింగపూర్‌లో జురాంగ్ లేక్ గార్డెన్స్‌లో ఇట్లాంటి పిల్లల కోసమే ఒక తోట ఉంది. మనం అంత కట్టక్కర్లేదు, ఒక మూలన మైకు తీసేసినా చాలు. బంతిపూల మడి ముందు 'ముట్టరాదు' అని బోర్డు. అమ్మ చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

డాక్టరు దగ్గర మూడు గంటలు పట్టింది. ఫిజియోథెరపీ గదికి ఒకటే కిటికీ, అది పక్క బిల్డింగు గోడకు తెరుచుకుంటుంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక లెక్క తీశాడు: పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే తొందరగా ఇంటికి పోయారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే అడిగారు. మాకు కనిపించిన గోడకు సున్నం కూడా లేదు. చేతికి మెత్తటి బంతి ఇచ్చి పిసకమన్నారు. అమ్మ నాలుగుసార్లు పిసికి, విసుగొచ్చి ఒళ్లో పెట్టుకుంది.

మూడో రోజు పొద్దున లేచేసరికి గదిలో అమ్మ లేదు. బయట వరండా పిట్టగోడకు కుర్చీ ఆనించి ఉంది. గోడమీద వరసగా కుండీలు: తులసి, మరువం, పుదీనా. అన్నీ ఆమె ఛాతీకి కొంచెం కిందగా, సరిగ్గా చేతికందేటట్టు. పుదీనా కుండీలో గడ్డి పీకుతోంది, కుడిచేత్తో. వేళ్లు జారుతున్నాయి, మళ్లీ పట్టుకుంటోంది. నేను ఆపబోతే ఇంటామె, "తియ్యనియ్యి బిడ్డా, నాకు పని తప్పింది" అంది. మేనల్లుడు మరువం ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, అందరి ముక్కుల దగ్గరా పెట్టి వచ్చాడు. ఆ రోజు వేయిస్తంభాల గుడి అనుకున్నాం, పోలేదు.

వచ్చేటప్పుడు ఆమె పుదీనా కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చాక మేస్త్రీని పిలిచి, పెరట్లో రెండున్నర అడుగుల ఎత్తులో దిమ్మె కట్టాలి, కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ ఉంచాలి, పైన మట్టి పోస్తాం అన్నాను. అతను తల గోక్కుని, "మొక్కలకా సార్, బట్టలుతుక్కోనీకా?" అన్నాడు. కుర్చీలోంచి అమ్మ జవాబిచ్చింది: "పుంటికూరకు."