కోచింగ్ కోర్సు: ఆన్‌లైనా, గ్రౌండా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, గుంటూరు, విజయవాడ ప్రైవేటు స్కూళ్లలో పనిచేసే కుర్ర పీఈటీలు ఇదే అడుగుతారు: "సార్, అథ్లెటిక్స్ కోచింగ్ కోర్సు ఆన్‌లైన్‌లో చేసేయమంటారా, పటియాలా జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకు వెళ్లమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

డీఎస్సీలో వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్ పోస్టు మీద కన్నుంటే ఈ చర్చే అక్కర్లేదు. వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీ రెండేళ్లూ కాలేజీకి వెళ్లి చదవాల్సిందే. బీఈడీకి దూరవిద్య ఉంది గానీ, బీపీఈడీకి ఆ వెసులుబాటును ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సుల నిబంధనలు పెట్టే జాతీయ మండలి) ఇవ్వలేదు. అందులో చేరడానికి రాసే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్షలో కూడా రాతపరీక్ష ఉండదు, పరిగెత్తి, దూకి, గుండు విసిరి చూపించాలి.

ఉద్యోగం సంగతి పక్కనబెట్టి, పిల్లలకు బాగా నేర్పాలని కోర్సు వెతుక్కునేవాళ్లకే మిగతాది.

థియరీకి ఆన్‌లైన్‌ను మించింది లేదు. ట్రైనింగ్ ప్లాన్, తిండి, గాయాలు, డోపింగ్ నియమాలు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, అర్థం కానిచోట వెనక్కి జరుపుకుని చూసుకోవచ్చు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా వారి ఆన్‌లైన్ వేదిక అడెల్‌లో కోర్సులు ఉచితం. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్యకూ ఈ-లెర్నింగ్ వేదిక ఉంది. పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు కాస్త కష్టపడాలి, అంతే.

నా దృష్టిలో అసలు తేడా ఒక్కటే: నిలబడే చోటు. వీడియో పాఠంలో కెమెరా ఎక్కడుండాలో ముందే ఎవరో తేల్చేశారు. లాంగ్‌జంప్ చూపిస్తే, పాదం మోపి ఎగిరే బోర్డు పక్కనే పెడతారు, టేకాఫ్ (నేల వదిలే క్షణం) చక్కగా కనిపిస్తుంది. గ్రౌండ్‌లో అది మీరే తేల్చుకోవాలి. ఒక పిల్లవాడు బోర్డు దగ్గరకొచ్చేసరికి అడుగులు కుదించుకుంటున్నాడు. కొత్త కోచ్ బోర్డు దగ్గరే నిలబడి "బోర్డు చూడకురా, తల పైకెత్తు" అని అరుస్తుంటాడు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. రనప్ (బోర్డు దాకా వచ్చే పరుగు) మొదలుపెట్టేటప్పుడు ఒకసారి నిలబడి, ఒకసారి నడుస్తూ కదులుతున్నాడు, మొదటి మూడు నాలుగు అడుగులు రోజుకో కొలతలో పడుతున్నాయి. అది తెలియాలంటే బోర్డు వదిలి రనప్ మొదలుకు వెళ్లి నిలబడాలి. షాట్‌పుట్ కూడా అంతే. మోచేయి దిగిపోయిందని మోచేతినే సరిచేస్తుంటాం, కాళ్ల పని ముందే తప్పి ఉంటుంది.

"ఇక్కడ కాదు, అక్కడికెళ్లి చూడు" అనే మనిషి వెనక ఉంటేనే ఇది అబ్బుతుంది. పటియాలా వెళ్లొచ్చినవాళ్లు ముందు ఆ సంస్థ ఉన్న మోతీబాగ్ ప్యాలెస్ గురించే మాట్లాడతారు, ఫొటోలు కూడా చూపిస్తారు. నాకు మాత్రం ఆ కోర్సులో విలువైనది తోటి ట్రైనీల ముందు క్లాసు తీసుకుని తిట్లు తినడం. అందుకే నా ఓటు గ్రౌండ్‌కే.

అలాగని వీడియోను తీసిపారేయను. లాంగ్‌జంప్ టేకాఫ్‌లో పాదం బోర్డు మీద ఉండేది సుమారు 0.12 సెకను. ఎంత సీనియర్ కోచ్‌కైనా మామూలు కంటికి అది అందదు. ఫోన్‌లో మామూలుగా తీస్తే సెకనుకు 30 ఫ్రేములు, అంటే ఆ క్షణానికి మూడో నాలుగో. స్లో మోషన్‌లో 240 పెడితే పాతిక దాటతాయి. ఆ ఫ్రేముల్లో ఏం వెతకాలో ఆన్‌లైన్ పాఠాలే నాకు ఎక్కువ నేర్పాయి.

చదరంగానికి ఈ గొడవ లేదు, ఆన్‌లైన్ సరిపోతుంది. యూట్యూబ్ డ్రిల్స్ పిల్లలకు విసుగు పుట్టినప్పుడు పనికొస్తాయి. హోటల్ హాల్లో పెట్టే రెండు రోజుల వర్క్‌షాపులకు డబ్బు దండగ.

ఇక సెలవు, జీతం సంగతి. ఆరు వారాలు వెళ్తే జీతం కోసే స్కూళ్లే ఎక్కువ, కాబట్టి చాలామందికి ఆన్‌లైనే గతి. అలాంటప్పుడు ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: "నేను పిల్లలకు నేర్పుతుంటే చూసి తప్పులు చెప్పేవాళ్లు ఉంటారా, ఎన్ని గంటలు?" మీ క్లాసును వీడియో తీసి పంపితే దిద్ది పంపే కోర్సు కొంత నయం. అదీ లేకపోతే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి పనికొస్తుంది.

ఆ లోటు ఇక్కడే తీర్చుకోవచ్చు. గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, బెజవాడలో ఇందిరాగాంధీ స్టేడియం ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చి ప్రాక్టీసు చేయించే సీనియర్ కోచ్ ఎవరో ఒకరు కనబడతారు. వెళ్లి టేపు పట్టుకోండి, పిట్‌లో ఇసుక సర్దండి. నాలుగు రోజులు పోయాక "ఈ బ్యాచ్‌కు వార్మప్ నేను చేయిస్తాను, కాస్త చూడండి సార్" అని అడగండి. మే నెలైతే ఆరింటికల్లా అక్కడుండాలి, ఎనిమిది దాటితే ఎండకు పిల్లలూ నిలవరు, మీరూ నిలవరు.