సైరన్ ఆపి, సిస్టర్‌ని ముందు దింపారు: ఆ రాత్రి మా ఇంటికొచ్చిన పోలీసులకి 5కి 4 స్టార్లు

మా తమ్ముడికి మానసిక జబ్బు వచ్చి ఆరేళ్లయింది. మందులు వేసుకున్నంతకాలం బానే ఉంటాడు, మానేశాడా, ఇక నిద్రుండదు, నాలుగో రోజుకి ఎవరో తనని పట్టుకుపోవడానికి వస్తున్నారంటాడు. పోయిన నెల ఒక రాత్రి రెండింటికి బొండాలు కొట్టే కత్తి పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడిపోయాడు. మాది రాజోలు వైపు, ఏటిగట్టు కింద ఊరు. అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

ముందు 14416కి చేశాను, 2022 అక్టోబరులో మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ పెట్టారు కదా, అది. ఫ్రీయే, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. చేతిలో కత్తి ఉందనగానే ఫోనెత్తినావిడ ఇంకో మాట లేకుండా 112కి చెయ్యమంది. పోలీసులనేసరికి నాకు చెయ్యి ఆడలేదు. రెండేళ్ల కిందట ఇలాగే అయితే ఒక స్టేషన్‌లో వాణ్ణి తెల్లారేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు, అప్పట్నుంచి ఖాకీ చొక్కా చూస్తే వణుకే. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100లో ఇలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటలు దాటకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించాలని ఉందట, నాకా సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

ఈసారి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారు దార్లోనే పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు ఇంటి తలుపు కొట్టి, ఆవిడని జీపులో ఎక్కించుకొచ్చారు. వీధి మొదట్లోనే సైరన్, లైట్లు ఆపించింది ఆవిడ. టోపీలు, లాఠీలు జీపులోనే వదిలేశారు. పోలీసులు అరుగు దగ్గర ఆగిపోతే, నైటీ మీద చున్నీ వేసుకొచ్చిన ఆ సిస్టర్ ఒక్కతే పెరట్లోకి వెళ్లి, వాడికి పది అడుగుల దూరంలో నూతి గట్టు మీద కూర్చుంది. కత్తి కింద పెట్టమని ఒక్కసారి కూడా అనలేదు. "ఎన్ని రాత్రులైంది నాన్నా పడుకుని?" అంది. వాడు చాలాసేపు పలకలేదు. తర్వాత "నాలుగు" అన్నాడు. మంచినీళ్లు తాగుతావా అంది, నేను చెంబు తెచ్చాను, రెండు చేతులా పట్టుకుని తాగడానికి వాడే కత్తి కింద పెట్టాడు. హెడ్ గారు అప్పుడైనా మీద పడలేదు, మెల్లగా దగ్గరికొచ్చి కాలితో కత్తిని పక్కకి జరిపారు, అంతే. ఇదంతా అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు.

అక్కణ్ణించి 108లో ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి. సిస్టర్ వాడి పక్కన, హెడ్ గారు డ్రైవర్ పక్కన. కాళ్లూ చేతులూ కట్టలేదు, ఒక్క దెబ్బ పడలేదు.

కెనడాలో వాంకూవర్‌లో దీనికి కార్ 87 అని ఏకంగా ఒక బండే ఉంది, పోలీసూ సైకియాట్రీ నర్సూ కలిసే వెళ్తారు, ఇంగ్లండులో స్ట్రీట్ ట్రయాజ్ అంటారు. మాకు ఆ రాత్రి అది దొరికింది ఒక్క మనిషికి తోచబట్టి. స్టార్ తగ్గించింది అందుకే. రాత్రిపూట పోలీసు బండితోపాటు ఒక నర్సుకీ డ్యూటీ వెయ్యాలి.

మీ ఇంట్లో ఇలాంటి మనిషుంటే 112కి చేసినప్పుడు మొదటి ముక్కగానే చెప్పండి: గొడవ కాదండి, మనిషికి ఆరోగ్యం బాలేదు, సైరన్ ఆపి రండి, నర్సు ఎవరైనా ఉంటే తీసుకురండి అని. చేతిలో ఏముందో మాత్రం దాచకండి.