హౌస్‌స్టెడ్స్‌కు వెళ్లాలా, విండోలాండాకా?

ఇంగ్లండ్ ఉత్తరాన, నార్తంబర్లండ్ గొర్రెల మేతభూముల మీదుగా హేడ్రియన్ గోడ సాగుతుంది. రోమన్లు క్రీ.శ. 122లో మొదలుపెట్టిన గోడ. చేతిలో ఒక్క పూటే ఉంటే, పక్కపక్కనే ఉన్న ఈ రెండు కోటల్లో ఏది చూడాలి?

ఖర్చు: హౌస్‌స్టెడ్స్‌లో ఇంగ్లిష్ హెరిటేజ్, నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థల సభ్యులకు ప్రవేశం ఉచితం. విండోలాండాను వేరే ట్రస్టు నడుపుతుంది, టిక్కెట్టు కొనాల్సిందే.

శ్రమ: మొదటిదానికి రోడ్డు నుంచి గుట్ట ఎక్కాలి. రెండోదానిలో మ్యూజియం లోయలో ఉంది. దిగడం హాయి, తిరిగి ఎక్కడమే ఆయాసం.

వాన: హౌస్‌స్టెడ్స్ గుట్టమీద తల దాచుకునే చోటు తక్కువ. విండోలాండాలో మ్యూజియం ఆదుకుంటుంది.

చూసేవి: హౌస్‌స్టెడ్స్‌లో గోడ మీ పక్కనే ఉంటుంది. సైనికుల సామూహిక మరుగుదొడ్డి, దాని నీటికాలువలు ఇప్పటికీ స్పష్టం. పిల్లలు అక్కడి నుంచి కదలరు! విండోలాండా గోడకు దక్షిణంగా మైలు దూరం. అక్కడ దొరికినవి వేరు. తడి మట్టిలో కుళ్లకుండా మిగిలిన వేల తోలు చెప్పులు, పలుచని చెక్కరేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు. క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకు స్నేహితురాలు లెపిడినాను పిలిచిన ఉత్తరం 1,900 ఏళ్ల నాటిది. చివరి వాక్యాలు తన చేత్తోనే రాసింది. అసలుది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కొండగాలి, గోడ వెంట నడక ఇష్టమైతే హౌస్‌స్టెడ్స్. మనుషుల కబుర్లు కావాలంటే, వేసవిలో తవ్వకాలు కళ్లారా చూడాలంటే విండోలాండా. నా ఓటు దానికే.