పట్టాభిషేకం ఏడాది జపాన్‌లో మా శరత్కాలం

అక్టోబరులో జపాన్ వెళ్దామనుకుంటున్నాం అని ఎవరైనా అంటే నేను ముందు తుపాన్ల సంగతే ఎత్తుతాను. గుళ్ళూ తోటలూ ఆ తర్వాత. 2019లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, అక్టోబరు మొదట్నుంచి నవంబరు నడిమి దాకా మావారూ నేనూ అక్కడే ఉన్నాం. ఆ దేశానికి అంత హడావిడి ఏడాది ఈ మధ్యకాలంలో లేదు. ఏప్రిల్ 30న అకిహితో చక్రవర్తి తనంతట తాను గద్దె దిగారు. 202 ఏళ్ళలో ఏ చక్రవర్తీ అలా దిగలేదు. మే 1న నరుహితో రావడంతో హెయిసెయ్ శకం పోయి రెయివా శకం మొదలైంది. జూన్‌లో ఒసాకాలో జీ20 సమావేశం, సెప్టెంబరు 20 నుంచి రగ్బీ ప్రపంచ కప్పు. ఆ ఏడాది వచ్చిన విదేశీయులు 3 కోట్ల 18 లక్షల మంది, అప్పటికి అదే రికార్డు. ఇంతమంది మధ్య హోటల్ గది దొరకడమే గగనం. దొరికినా రగ్బీ మ్యాచ్ ఉన్న ఊళ్ళో ధర చూసి పక్క ఊరికి పోవాల్సిందే.

మాకు టోక్యోలో ఆ బాధ లేదు. అమ్మాయి వాళ్ళది నిషి-కసాయ్. ఎదోగావా వార్డులో ఉండే ఈ పేటలో మనవాళ్ళు, ముఖ్యంగా ఐటీ ఉద్యోగాలవాళ్ళు, చాలామంది కాపురముంటారు. కందిపప్పు, ఇడ్లీ రవ్వ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇల్లు తీసుకుంటే హామీదారు అక్కర్లేదు, ఇంటాయనకి తిరిగి రాని కానుకలు చెల్లించే బాధ లేదు. అందుకే మనవాళ్ళంతా అక్కడ చేరారు. ఆ పేటకున్న లోపం ఒక్కటే. అది నదుల మధ్య పల్లపు నేల. అదే ఏడాది మే నెలలో ఎదోగావా వార్డు ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్ట మీద 'ఇక్కడ ఉండకూడదు' అని అచ్చు వేసింది. ఏ ఊరి పాలకులైనా తమ ఊరి గురించి అంత సూటిగా చెప్పడం నేనెక్కడా చూడలేదు.

ఆ మాట అక్టోబరు 12న నిజమయ్యేలా కనిపించింది. మాది విశాఖ. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ మా ఊరిని ఊడ్చేసింది. ఆ రోజు కిటికీ అద్దాలు పగిలిన చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. కాబట్టి ఇద్దరం గాలివానల్లో అనుభవం ఉన్నవాళ్ళమే. అయినా జపాన్‌వాళ్ళ పద్ధతి మాకు కొత్తగా అనిపించింది. శనివారం రాబోయే తుపానుకు శుక్రవారమే రైళ్ళు ఏ గంట నుంచి ఆగుతాయో ప్రకటించేశారు. ఎండ కాస్తుండగానే ఊరంతా తెలిసిపోయింది, రేపు మధ్యాహ్నం తర్వాత ఎవరూ ఎక్కడికీ కదలరని. టోక్యో డిస్నీలాండ్ రోజంతా మూత. మూలమూలకీ ఉండే చిల్లర దుకాణాలు, ఏడాది పొడుగునా తలుపు వెయ్యనివి, అవీ చాలాచోట్ల మూసేశారు. సూపర్‌మార్కెట్‌లో రొట్టె, నీళ్ళ సీసాలు, కిటికీలకు అంటించే టేపు, ఒక్కటీ మిగల్లేదు.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. నెల ముందు, సెప్టెంబరు 9న, ఇంకో తుపాను టోక్యో పక్కనున్న చిబా మీద పడింది. కరెంటు కొన్నిచోట్ల రెండు వారాలు రాలేదు. నరిటా విమానాశ్రయంలో విమానాలు దిగుతూనే ఉన్నాయి గానీ ఊళ్ళోకి పోవడానికి రైలూ బస్సూ లేక 13 వేలమందికి పైగా ఆ రాత్రి నేల మీదే పడుకున్నారు. నెల తిరిగేసరికి ఆ పాఠం అందరికీ ఒంటబట్టింది.

మధ్యాహ్నం నాలుగు గంటలు కాకముందే టోక్యోకి అత్యున్నత స్థాయి వాన హెచ్చరిక వచ్చింది. ఫోన్లన్నీ ఒక్కసారి అరిచాయి, కానీ వచ్చిన సందేశమంతా జపనీస్. మా అమ్మాయి చదివి చెప్పింది గానీ, ఆ భాష రాని యాత్రికుడు హోటల్ గదిలో ఏం చేస్తాడు? అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే విదేశీయుల కోసమని తుపానుకు ముందే తేలిక జపనీస్‌లో, హిరగానా అక్షరాల్లో ఒక ట్వీట్ పెట్టింది. ఇంగ్లిషులో పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. అడగడం న్యాయమే. అక్కడి ఏర్పాట్లలో నాకు వెలితిగా కనిపించింది ఇదే. ప్రయాణానికి ముందే, విదేశీయులకు ఇంగ్లిషులో హెచ్చరికలు పంపే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకోండి.

మా అమ్మాయి వాళ్ళది తొమ్మిదో అంతస్తు. వార్డువాళ్ళు బడులన్నీ తెరిచి ఖాళీ చెయ్యమని సూచించినా, పైఅంతస్తుల్లో ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టాం, అన్నం ముందే వండేశాం. చీకటి పడేవేళకి కింద ఉండే తెలుగమ్మాయి చంటిపిల్లతో తలుపు తట్టింది. "అక్కా, మాది రెండో అంతస్తు కదా, ఈ రాత్రికి ఇక్కడ ఉండనా?" అని మా అమ్మాయిని అడిగింది. "అడగాలా? పాపకి పాలడబ్బా తెచ్చుకున్నావా?" అంది మా అమ్మాయి. వాళ్ళు కూర్చున్నారో లేదో భూకంపం! చిబా తీరం దగ్గర పుట్టిందట. గాలికే వణుకుతున్న భవనం ఇంకాస్త ఊగింది. ఏడు గంటలకి కాస్త ముందు తుపాను ఇజు ద్వీపకల్పం మీద తీరం దాటింది. అరకావా నది గట్టు దాటలేదు. మా పేట బతికిపోయింది.

మిగతా ఊళ్ళకి ఆ అదృష్టం లేదు. నదుల గట్లు దాదాపు 140 చోట్ల తెగాయి. ఎనభై మందికి పైగా పోయారు. టోక్యోకి దగ్గర్లో ఉన్న కొండల ఊరు హకోనేలో ఒక్క రోజులో 922.5 మిల్లీమీటర్ల వాన పడింది, జపాన్‌లో ఒక రోజు వానకి అదే రికార్డు. మన అనంతపురం జిల్లాలో ఏడాదంతా కురిసేదానికన్నా అది ఎక్కువ. మాకు హకోనేలో గోరా దగ్గర వేడినీటి బుగ్గల సత్రంలో గది ఉంది. తుపానుకు ముందు రోజే సత్రంవాళ్ళు ఫోన్ చేసి, రావద్దు, డబ్బు పట్టుకోం అని చెప్పేశారు. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. కానీ మేం గది తీసుకున్న బుకింగ్ వెబ్‌సైట్ మాత్రం ఆ డబ్బు వెనక్కి ఇవ్వడానికి వారాల తరబడి తిప్పింది. కొండెక్కే చిన్న రైలు పట్టాలు కొట్టుకుపోయి, మళ్ళీ నడిచింది 2020 జులైలో. అందుకే నా సలహా, అక్టోబరుకైతే సత్రం నేరుగా ఇచ్చే బుకింగే తీసుకోండి. కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. ఆ సాయంత్రమే యొకొహామాలో జపాన్, స్కాట్లాండ్ రగ్బీ మ్యాచ్. జరుగుతుందని ఎవరికీ నమ్మకం లేదు. ఆ స్టేడియం త్సురుమి నది వరదనీటిని ఆపే మైదానంలో స్తంభాల మీద కట్టినది. రాత్రి కింద నీళ్ళు నిలిచినా పైన ఆట సాగింది. చనిపోయినవాళ్ళ కోసం మౌనం పాటించి మొదలుపెట్టారు. 28-21తో గెలిచి జపాన్ తొలిసారి క్వార్టర్ ఫైనల్ చేరింది. మేం టీవీలోనే చూశాం. రగ్బీ నియమాలు మాకు ముక్క తెలియదు, అయినా కింది అంతస్తుల్లోంచి లేచిన కేకలకి మేమూ లేచి నిలబడ్డాం. 2011 సునామీలో కొట్టుకుపోయిన బడుల స్థలంలో కట్టిన కమైషి స్టేడియంలో మాత్రం నమీబియా, కెనడా మ్యాచ్ రద్దయింది. కెనడా ఆటగాళ్ళు పారలు పట్టుకుని ఆ ఊరి వీధుల్లో బురద ఎత్తారు.

అక్టోబరు 22 పట్టాభిషేకం, ఆ ఒక్క ఏడాదికి జాతీయ సెలవు. మన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా వచ్చారు. పొద్దున్నంతా వాన. మధ్యాహ్నం క్రతువు వేళకి తెరిపిచ్చి టోక్యో మీద ఇంద్రధనుస్సు విరిసింది. మామూలు జనానికి ఆ రోజు రాజప్రాసాదం దగ్గర చూసేది ఏమీ లేదు. పైగా భద్రత కోసం స్టేషన్లలో సామాన్ల లాకర్లకి సీళ్ళు వేసేశారు. ఇలాంటి రోజుల్లో పెట్టెలు ఈడ్చుకు తిరగకుండా, హోటల్ నుంచి హోటల్‌కి పంపే టక్యూబిన్ సేవ వాడుకోండి. మర్నాటికి చేరుస్తారు. జపాన్‌లో నేను డబ్బిచ్చి పొందిన సేవల్లో మొదటి మార్కులు దానికే.

ఉయెనోలోని జాతీయ మ్యూజియంలో పట్టాభిషేకం సందర్భంగా, నారాలో పాత రాచ వస్తువులు దాచిన షోసోయిన్ భాండాగారం నుంచి కొన్ని తెచ్చి పెట్టారు. ఎనిమిదో శతాబ్దపు అయిదు తీగల వీణ ఒకటి చూశాను. ఎర్రచందనంలాంటి ముదురు రంగు కొయ్య, దానిమీద ముత్యపుచిప్పతో పొదిగిన పూలు. తీగలు మీటేచోట తాబేటిచిప్ప పలక మీద ఒంటె ఎక్కి వాయిస్తున్న మనిషి బొమ్మ. ఈ అయిదు తీగల వాద్యం మన దేశంలో పుట్టిందని చెబుతారు. అంతటి పాతది ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది. ముందుకు జరగమని కాపలావాళ్ళు మెల్లగా అంటూనే ఉన్నారు. నేను మళ్ళీ వరస చివరికి వెళ్ళి ఇంకోసారి చూశాను. ఉయెనోకి ఒక పూట సరిపోదు, రోజంతా ఉంచుకోండి.

అదే ఉయెనో ఉన్న తైతో వార్డులో, తుపాను రోజున ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు బడిలో తలదాచుకుందామని వస్తే, ఈ వార్డు చిరునామా లేదని వెనక్కి పంపారు. వార్డు మేయరు తర్వాత క్షమాపణ చెప్పారు. అంత చక్కగా అన్నీ ముందే చెప్పే ఏర్పాటులో ఆ మనుషులకి చోటు లేకపోవడం నాకు మింగుడుపడలేదు. ఇప్పటికీ పడదు.

నెలాఖర్లో కనజావా బయల్దేరాం. అటు వెళ్ళే బుల్లెట్ రైలు, హొకురికు షింకాన్సెన్, నగానో దగ్గర చికుమా నది గట్టు తెగి ఆగిపోయింది. అక్టోబరు 25న మళ్ళీ మొదలైంది, కొన్ని రైళ్ళు తగ్గించి. నగానో దాటగానే అందరి చూపులూ కిటికీల్లోంచే. డిపోలో నీట మునిగిన పది షింకాన్సెన్ రైళ్ళు, 120 పెట్టెలు, వాటన్నిటినీ చివరికి తుక్కు కింద వేసేశారు. నా చూపు మాత్రం పక్కనున్న ఆపిల్ తోటల మీద నిలిచిపోయింది. చెట్లకి ఒక ఎత్తు దాకా బురద గీత. దానికి కింద కాయలన్నీ మట్టి రంగు, పైన ఎర్రగా నిగనిగలాడుతూ కోతకి సిద్ధంగా ఉన్నాయి. మావారి చిన్నతనం జీడితోటల్లో గడిచింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కనజావాలో తతామి చాపల గది ఉన్న చిన్న సత్రం. మాంసం, చేప తినం అని ముందే రాశాం. వాళ్ళు తిరిగి అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: ఎండు చేప తురుముతో కాచిన చారు కూడా వద్దా? జపాన్‌లో శాకాహారులకి అసలు చిక్కు ఆ చారుతోనే, అది పడని కూర ఉండదు. వీళ్ళు కొంబు అనే సముద్రపు నాచుతో విడిగా కాచి, ఆ ఊరి ప్రత్యేకమైన గోధుమ జిగురు బిళ్ళలు అందులో వేసి పెట్టారు. బిళ్ళ చారు పీల్చుకుని మెత్తగా ఉంది. మేం బస చేసినవాటిలో ఇదే మేలు. ఖరీదు ఎక్కువే, గోడలు పల్చన, స్నానాలగది అందరికీ కలిపి. అయినా సరే.

అక్కడ ఉండగానే, అక్టోబరు 31 పొద్దున్న టీవీలో ఒకినావాలోని షురి కోట తగలబడుతోంది. తెల్లవారుజామున అంటుకుందట, ప్రధాన మందిరం మొత్తం పోయింది. సత్రం యజమానురాలు టీ పళ్ళెం చేత్తో పట్టుకునే నిలబడిపోయింది. మర్నాడు నవంబరు 1, కెన్రొకుఎన్ తోటలో ఏటా మంచు తాళ్ళు కట్టడం మొదలుపెట్టే రోజు. కరసాకి అనే మహావృక్షం, పైన్ చెట్టు, దాని నడుమ పొడవాటి గుంజ నాటి, శిఖరం నుంచి ఒక్కో కొమ్మకీ గొడుగు పుల్లల్లా తాళ్ళు దింపుతారు. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా. మంచు ఇంకా నెలపైగా దూరం. తోటమాలి పైనుంచి తాడు కట్ట విసిరితే కిందివాళ్ళు చూడకుండానే అందుకున్నారు. కనజావాకి వెళ్తే ఆ తేదీకే వెళ్ళండి.

అక్కడినుంచి థండర్‌బర్డ్ రైల్లో క్యోటో. కిక్కిరిసిన జనం, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. నన్‌జెన్‌జి గుడి దగ్గర తిన్న వేడి తోఫూ తప్ప గట్టిగా చెప్పుకునేది లేదు. ఈ చుట్టంతా విదేశీ యాత్రికులకిచ్చే ఏడు రోజుల రైలు పాస్, జేఆర్ పాస్ మీద తిరిగాం, అప్పుడు 29,650 యెన్లు. విడిగా కొంటే ముప్పై అయిదు వేల దాకా అయ్యేది. 2023 అక్టోబరులో ఆ పాస్ ధర 50 వేలకి పెంచారు, కాబట్టి ఇప్పుడు ఇదే దారికి పాస్ కొనొద్దు. పైగా 2024 మార్చిలో షింకాన్సెన్ త్సురుగా దాకా పొడిగించారు గనక కనజావా, క్యోటో మధ్య ఒకసారి రైలు మారాలి.

ఆఖరిగా నవంబరు 10. తుపాను బాధితుల కోసం అక్టోబరు 22 నుంచి వాయిదా వేసిన కొత్త చక్రవర్తి దంపతుల ఊరేగింపు. రాజప్రాసాదం నుంచి అకసాకా దాకా 4.6 కిలోమీటర్లు. వచ్చినవాళ్ళు లక్షా 19 వేలు. సంచుల తనిఖీకే బారులు తీరాలి, మధ్యాహ్నం మూడింటి ఊరేగింపుకి పొద్దున్నే వెళ్ళాలి. పై కప్పు లేని టొయోటా సెంచురీ కారు మా ముందు నుంచి వెళ్ళింది కొన్ని క్షణాలే. మసాకో మహారాణి కన్నీళ్ళు తుడుచుకున్నారని రాత్రి టీవీలో చూశాం. మా పక్కన ముసలావిడ ఒకరు తనతో తెచ్చిన మడత స్టూలు నాకిచ్చి, తాను నిలబడే ఉంది. ఎంత చెప్పినా తిరిగి తీసుకోలేదు.

షురి ప్రధాన మందిరాన్ని 2026 శరత్కాలానికి తిరిగి పూర్తి చెయ్యాలని పెట్టుకున్నారు. ఆ కోట ఉన్న నాహాకి మేం వెళ్ళేది ఆ తర్వాతే. అక్టోబరు దాటాక, నవంబరులో.