డెబియన్ సర్వర్: కార్డు ఎందుకు లేవలేదో అదే చెబుతుంది

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే నాకంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. నెట్‌వర్క్ కార్డు మొరాయిస్తే అసలు సంగతి దాచదు. ఆకివీడులో మా బాబాయి రొయ్యల మేత కొట్టు లెక్కలు, అరువు ఖాతాలు ఏళ్లుగా దీని మీదే నడుస్తున్నాయి. వేగం, స్థిరత్వం గురించి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను.

మేత బస్తాలు జోరుగా కదిలే రోజుల్లో డిస్కు పోయింది. కొత్తది బిగించి, అప్పుడున్న 11వ వెర్షన్ ఎక్కించాను. అన్నీ వచ్చాయి, నెట్‌వర్క్ తప్ప. బయట వ్యాన్‌లో లోడు ఎక్కించేశారు. "బిల్లు ఎప్పుడు కొడతావురా?" అని బాబాయి గుమ్మంలోంచి అడుగుతున్నాడు. ఒకటే టెన్షన్.

మెషిన్‌లో ఉన్న కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే కార్డు కనబడుతోంది. సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో, కార్డు డ్రైవర్ పేరైన బీఎన్ఎక్స్2 అని వెతికితే, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలు లోడ్ కాలేదని ఫైలు పేరుతో సహా ఉంది. కేబుల్ మార్చి చూడు, స్విచ్ మార్చి చూడు అనే తిప్పలన్నీ ఆ ఒక్క లైనుతో తప్పాయి. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. కార్డులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ మాత్రం స్వేచ్ఛా లైసెన్సుది కాదు కాబట్టి, అప్పట్లో నాన్-ఫ్రీ విభాగంలో వేరే ప్యాకేజీగా ఉండేది.

మరి నెట్ లేకుండా ప్యాకేజీ దించేదెలా? ఫోన్‌ని సర్వర్‌కి తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. ముందు ఏమీ రాలేదు. గల్లా దగ్గరుండే ఆ కేబుల్ ఛార్జింగ్‌కే పనికొస్తుంది, డేటా పోదు. వేరే కేబుల్ పెట్టగానే కొత్త ఇంటర్‌ఫేస్ ప్రత్యక్షమైంది, ఏ డ్రైవరూ అడగలేదు! డీహెచ్‌క్లయింట్ కమాండ్‌తో ఐపీ అడ్రస్ తీసుకుని, ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి దించాలో చెప్పే సోర్సెస్ లిస్ట్‌లో నాన్-ఫ్రీ చేర్చి, ఫర్మ్‌వేర్-బీఎన్ఎక్స్2 దించాను. డ్రైవర్ మాడ్యూల్ తీసి మళ్లీ ఎక్కించేసరికి కార్డు లైటు పచ్చగా వెలిగింది. వ్యాన్ బిల్లుతోనే బయల్దేరింది.

2023లో వచ్చిన 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది, ఇంత పని లేదు. 11 నుంచి అప్‌గ్రేడ్ అయ్యేవాళ్లు మాత్రం నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగాన్ని చేర్చుకోవాలి.

ఒకసారి పెడితే ఇక చూడక్కర్లేదని ఇదివరకు అడిగిన వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా చెప్పను. పక్క స్లాటులో రెండో కార్డు పెట్టిన రోజున, పాతదాని పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఈఎన్‌పీ4ఎస్0కి మారిపోయింది. సెట్టింగులు పాత పేరు మీద ఉండిపోవడంతో కొట్లో కంప్యూటర్లన్నీ ఆగాయి. మదర్‌బోర్డుకి కార్డులు కలిసే దారుల (పీసీఐ) వరసను బట్టి పెట్టే పేరు కాబట్టి అలా జరుగుతుంది. కార్డు సొంత గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్‌కి కట్టేసిన లింక్ ఫైలు రాసి లాన్0 అని పేరు పెట్టాక ఆ గొడవ లేదు, కానీ ఆ పని మనమే చేసుకోవాలి.

నాది పాత టవర్ సర్వర్, వాడేది కొట్టులోని నాలుగైదు కంప్యూటర్లు. పైగా సిస్టమ్ రాసే సందేశాలు (లాగ్‌లు) చదవడం నాకు ఇష్టమైన పని. అలాంటి మనిషి దగ్గర్లో ఉంటే కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చు. లేకపోతే, సమస్య వస్తే ఫోన్ ఎత్తే మెకానిక్ ఎవరో ముందు చూసుకోండి.